పీకి పారేసిన ఎండపూలు

ముందుగాల్నే ఒప్పుకుంట. నాకు పెంచి చెప్పే అలవాటు ఉన్నది. ఇది నా తప్పు కాదు, మా నాయినది. మా పెరట్లో కాసిన సొరకాయ మీద కూసోని మంజీర దాటిన అని ఆయన చచ్చేదాక చెప్పిండు. నేను అంత దూరం పోను. నా సొరకాయ మీద కూసుంటే మామూలు వాగు దాటొచ్చు, అది గూడ ఎండకాలంలో. అందుకని ఇది చదివేటోళ్లు నేను బండెడు అన్న చోట గంపెడు అనుకోవాలె, గంపెడు అన్న చోట దోసెడు అనుకోవాలె. దోసెడు అన్న చోట మాత్రం నన్ను నమ్మాలె. అంత చిన్న మాట నా నోట్లకెళ్లి వచ్చిందంటే అది నిజమే అయి ఉంటది.

పోయిన ఏడు వజీఫా అని నెలనెల పింఛను కట్టి నన్ను ఇంటికి పంపిండ్రు. సర్కారు దృష్టిలో నేను ముసలోణ్ణి. నా దృష్టిలో నడీడు మనిషిని. మా ఇంటామె దృష్టిలో నేనేందో ఇక్కడ రాయను, ఆమె చదువుతది. కామారెడ్డిలో కొన్నేండ్లు, ఎల్లారెడ్డిలో కొన్నేండ్లు సర్కారీ బంగ్లాల తోటలు చూసిన. ఏ పై దర్జా కొలువు ఎప్పుడు వచ్చింది, ఏ కాగితం మీద ఎవరు దస్తఖతు పెట్టిండ్రు, ఇవేవీ రాయను. అవి తలుచుకుంటే నాకే నిద్రొస్తది. తోటపనిలో కొత్తగ చేరినోళ్లు ఇద్దరు ఈ నడుమ మా ఇంటికి వచ్చి, "అసలు పని ఎట్లుంటది, తాతా?" అని అడిగిండ్రు. తాతా అన్నందుకు రెండు రోజులు కోపం మీద ఉన్న. మూడో రోజు ఇది రాయడానికి కూసున్న.

బడే మియా దగ్గర

నా మొదటి పెద్దమనిషి బడే మియా. కామారెడ్డి బంగ్లాలో పెద్ద మాలి. మనిషి ఎంత సన్నమంటే, గాలి దుమారం వస్తే గులాబీ కట్టెలతోపాటు ఆయనను గూడ తాడు పెట్టి కట్టేటోళ్లం. గడ్డం మాత్రం బరువైంది. ఆయన నోటి నుంచి 'బాగున్నది' అనే మాట నేను ఒక్కసారే విన్న. అది గూడ చాయ గురించి.

ఒక ఏడు పూణె నుంచి రైల్లో విత్తనాల పొట్లం వచ్చింది. విప్పితే లోపల నల్లటి దుమ్ము. ఒక్కొక్క గింజ ఇసుక రవ్వ కన్న సన్నం. నేను దాని మీద తుమ్మిన. ఆ ఏడు స్టేషన్ దాకా ఇండ్ల పెంకుల మీద పూలు పూసినయి. మొక్కకు మన భాషలో పేరు లేకుండె. ఆకు వడ్లగింజంత పొడుగు, వడ్లగింజ లెక్కనే ఉబ్బుగ, లోపలంత నీళ్లు. కాడ లావుగ, మెత్తగ నేలనంటుకోని పాకుతది. పువ్వు మాత్రం పట్టుబట్ట చించి చేసినట్టు ఉంటది. ఎరుపు, పసుపు, తెలుపు, గులాబీ, ఒకే మడిలో అన్ని రంగులు. ఎండ మీద పడితేనే విప్పుకుంటది. పొద్దు తిరిగేటప్పటికి ముడుచుకుంటది. మబ్బు పట్టిందంటే ఆ రోజు సెలవే. మేము ఎండపువ్వు అనుకున్నం. ఇప్పుడు కొందరు గడ్డిగులాబి అంటున్నరు.

బడే మియా దాని కొసలు తుంచి నా చేతికిచ్చి నాటుమన్నడు. నాటిన. ఇంత అందమైన దాన్ని దూపతోటి ఎట్ల సంపుత అని రోజుకు మూడు సార్లు నీళ్లు పోసిన. వారానికి అన్నీ కుళ్లి, నేల మీద పులుసు పోసినట్టు అయినయి.

"ఏం చేసినవ్ బేటా?" అని అడిగిండు.

"నీళ్లు పోసిన, ఉస్తాద్."

"ఎన్నిసార్లు?"

"మూడు."

"నువ్వు రోజుకు ఎన్నిసార్లు తింటవ్?"

"రెండు."

"అంటే నీకన్న తిండిపోతు దొరికింది. ఆకు పిసికి చూడు. ఒంటె లెక్క తన నీళ్లు తనే మోసుకుంటున్నది. నువ్వు పోసింది నీళ్లు కాదు, నీ భయం."

ఆ మాట తర్వాత ఆయన నాకు చేసి చూపించింది ఇంతే: మొరం నేల, పొద్దంత ఎండ, పెంట అసలే వద్దు. వేలు మన్నులో రెండు కణుపులు గుచ్చితే పొడిగ తగిలిన నాడే నీళ్లు. కొస తుంచి గుచ్చితే అదే బతుకుతది. నేను చూసినంతలో ఈ జాతి పూలను చీడ సంపింది తక్కువ, తోటమాలి సంపింది ఎక్కువ. పని చేస్తున్నట్టు కనబడాలని నీళ్లు పోసే మాలిని ఏ తోటలో గూడ పెట్టుకోవద్దు. నన్ను పెట్టుకున్నరు, అది వేరే మాట.

బడే మియా ఒక్కటి నేర్పలేదు. విత్తనాలు ఆయన సొంతంగ తన చిప్పలలో చల్లేటోడు, మొక్క బలిసినంక మాకు ఇచ్చేటోడు. అంటే, అప్పుడే మొలిచిన ఎండపువ్వు ఎట్లుంటదో నేను కండ్లతో చూడలేదు. అడగనూ లేదు. అడిగితే తెలియదని తెలిసిపోతది గదా.

సీతాకోకచిలుకల హుకుం

తర్వాత నన్ను ఎల్లారెడ్డికి వేసిండ్రు. కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగ మోటారు బస్సు. అది ఎంత నిదానమంటే, తాడ్వాయి దాటినంక నేను దిగి, ఒక చేనులో మక్కకంకి కాల్చుకోని తిని, నడిచిపోయి మల్ల అదే బస్సు ఎక్కిన. డ్రైవరు నన్ను కొత్త సవారీ అనుకోని పలకరించిండు.

ఎల్లారెడ్డి బంగ్లా ఊరవతల గుట్టబోరు మీద ఉండె. ముందర ఎర్ర మొరం. వెనక మట్టి గోడ. గోడ అవతల గుర్రాలను కట్టేసే పాగ కూలిపోయి, దాని ఇటుకలు, సున్నం పెళ్లలు కుప్పగ పడి ఉండె. ఆ కుప్ప పక్కన ఒక గుడిసె, అందులో రాజవ్వ.

రాజవ్వ కలుపు తీసేది, ఊడిచేది. ఆమె మొగడు బొంబాయి మిల్లులకు పోయిండు, ఉత్తరం ముక్క రాలేదు. ఇంట్లో కండ్లు కనిపించని అత్త. కొలువుతోపాటే గుడిసె. కొలువు పోతే గుడిసె పోతది. పొద్దంత తోటలో, తీరిక దొరికితే చేతిలో బీడీల చాట. ఆమె చేతులు ఖాళీగ ఉండంగ చూసినోడు జిల్లాలో లేడు. నోరు గూడ అంతే.

ఒకనాడు తాసీల్దారు సాహెబ్ నన్ను పిలిచిండు. చెడ్డ మనిషి కాదు. కింది వాళ్ల మీద కేకలు వేసెటోడు గాని, అది తన పై వాళ్లకు భయపడి అలిసిపోయినందుకు.

"మల్లయ్యా, దీపావళి దాటినంక పెద్ద సాహెబ్ తనిఖీకి దౌరా మీద వస్తున్నరు. బేగం సాహెబా గూడ వస్తరు. ఆమెకు సీతాకోకచిలుకలంటే పాణం. మన బంగ్లాలో ఎన్ని ఉన్నయి?"

"హాజరీ తియ్యలేదు, హుజూర్."

"తియ్యి. తక్కువుంటే పెంచు."

"అవి కోళ్లు కావు, హుజూర్."

"జవాబు చెప్పకు. ఎట్ల తెస్తవో తే."

బయటికి వచ్చి ఎర్ర మొరం వైపు చూసిన. ఆ నేల మీద ఉమ్మితే గూడ మీద పడ్డది పడ్డట్టే ఎండిపోతది. అక్కడ బతికేది, ఎండలో నవ్వేది, చిలుకలు వాలేటట్టు రేకులు పరిచి పెట్టేది నాకు తెలిసి ఒకటే పువ్వు. పూణెకు రాయించిన. వినాయక చవితి ఎళ్లినంక, వానలు తెరిపిచ్చినంక, మడి కట్టి చల్లిన. ఈసారి తుమ్మలేదు.

నా పాండిత్యం

ఎనిమిది రోజులకు మడి పచ్చబడ్డది. దగ్గరకు పోయి చూస్తే రెండు రకాల మొలకలు. రెండింటికీ లావు కాడే. ఒకదానికి ఆకు కొంచెం వెడల్పు, గుండ్రం, మంచి బలంగ ఉన్నది. ఇంకొకటి పీలగ, ఆకు దారమంత. ఒకటి పువ్వు, ఒకటి గడ్డి. పూణె నుంచి రైలెక్కి వచ్చింది బలంగ ఉంటదా, పీలగ ఉంటదా? నేను లోతుగ ఆలోచించి తీర్పు ఇచ్చిన.

"రాజవ్వా, గీ సన్నాకుది అంత పీకి గోడవతల పారెయ్."

ఆమె వంగి రెండూ చూసింది. "అన్నా, గీ గుండ్రటాకుది గంగవాయిలి లెక్కున్నది. మనం పప్పుల ఏసుకునేదే గదా."

"గంగవాయిలి రైలెక్కి వస్తదా?"

"రాదు. గని మన్నుల ముందే ఉంటది."

"తోటపని నాకు నేర్పుతవా?"

"నేనేం నేర్పుత అన్నా, నేను తిన్నదాన్ని చెప్పిన. సర్కారుది సర్కారే పీకుమంటుంటె నాదేం బోయింది."

పీకింది. మూడు గంపలు. గోడ మీదకెళ్లి సున్నం పెళ్లల కుప్ప మీద కుమ్మరించింది.

ఇక గంగవాయిలికి పట్టిన వైభోగం చెప్తే మీరు నమ్మరు, అయినా చెప్త. చుట్టు కంప నాటించిన. మేకలు రాకుండ చప్రాసికి కట్టె ఇచ్చి నిలబెట్టిన. కాగితం కదిలేంత గాలి వీచినా పరదా కట్టిన. తాసీల్దారు సాహెబ్ పొద్దున కచేరికి పోయే ముందర వచ్చి మడి ముందు నిలబడి, "వాహ్, ఏం దిట్టంగున్నయి!" అని చెయ్యి నుదుటిదాక లేపి దించెటోడు. సర్కారీ పహరా మధ్యన, సలాములు తీసుకుంట పెరిగిన పప్పుకూర ఈ రాజ్యం మొత్తంలో అదొక్కటే.

రాజవ్వ రోజు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోని పోయేది.

తర్వాత పురుగులు వచ్చినయి. నల్లటివి, ఒంటి నిండ ముండ్లు, తల ఎర్రగ. నేను డబ్బా తెచ్చి ఏరుతుంటే రాజవ్వ ఉరికొచ్చింది.

"సంపకన్నా, సంపకు! గివి మా గుడిసె కాడ గంగవాయిలి మీద ఏటా వస్తయి. పది దినాలు తింటయి. ఆకు కింద తలకిందులుగ యాలాడి పంటయి. లేసేటప్పటికి రెక్కలుంటయి."

"ఎవరికి రెక్కలు?"

"పురుక్కే. నల్లటి చిలుక, తెల్ల బిళ్లలు, నేరేడు రంగు మెరుపు. నువ్వు పూణె నుంచి పిలుస్తున్నవు, అది మా ఇంట్లనే పుడుతుంటది."

నవ్వకుండ్రి. అన్నేండ్లు తోటపని చేసి, చిలుక వేరే పురుగు వేరే అనుకున్నోణ్ణి నేను. చిలుకలు కావాలని మొక్కుకుంట, వాటి పిల్లలను డబ్బాలో వేసి సంపుతున్న. ఇప్పుడు పని చేస్తున్న మాలీలలో సగం మంది ఇదే చేస్తున్నరు. మిగతా సగం మంది చేస్తున్నరని ఒప్పుకోరు.

పురుగులను వదిలేసిన. మడి గురించి మాత్రం ఇంకా నమ్మకం పోలేదు, ఆకు వెడల్పయితే కొత్త నేల బలం అనుకున్న. పోగొట్టింది వంటమనిషి.

పళ్లెం

తాసీల్దారు సాహెబ్ ఒక పగటిపూట బంగ్లా వరండాలో భోజనానికి కూసున్నడు. వంటమనిషి బజారు నుంచి కూర తెచ్చి పప్పు చేసిండు. సాహెబ్ ముద్ద కలుపుకుంట పళ్లెంలోకి చూసిండు. తల ఎత్తి మడి వైపు చూసిండు. మల్ల పళ్లెం చూసిండు. మడిలో అప్పుడే మినపగింజంత పసుపు పూలు రెండు విప్పుకోని ఉన్నయి.

"మల్లయ్యా!"

ఆ కేకకు బంగ్లా పెంకులు మూడు జారినయి.

"ఇది ఏంది?" పళ్లెం చూపించిండు.

"పప్పు, హుజూర్."

"పప్పులో ఏంది?"

నేను పప్పు వైపు అంత శ్రద్ధగ ఎన్నడూ చూడలేదు.

"అది ఏంది?" మడి చూపించిండు. "నెల దినాల సంది నేను పప్పుకూరకు సలాం కొడుతున్ననా? అసలు మొక్కలు ఏమైనయి? ఎవరు పీకిండ్రు?"

పిల్లలూ, ఇక్కడ నేను పెంచి చెప్పడానికి ఏమీ లేదు. నా నోరు లేవలేదు. నా కండ్లు మాత్రం లేచి, మడి అంచున కొడవలి పట్టుకోని కూసున్న రాజవ్వ మీదికి పోయినయి. నేను ఆమె పేరు చెప్పలేదని చాన రోజులు నాకు నేనే చెప్పుకున్న. కండ్లతో చెప్పినా చెప్పినట్టే.

"ఆమేనా? దౌరా అయిపోనీ. మరునాడే తీసెయ్. గుడిసె ఖాళీ చెయ్యమను."

రాజవ్వ నన్ను ఒక్కసారి చూసింది. మల్ల వంగి కలుపు తీసుకున్నది. సాహెబ్ పప్పు మాత్రం పూర్తిగ తిన్నడు.

పొద్దు గూకే ముందర ఆమె గుడిసె కాడికి పోయిన. అత్త గోడకానుకోని కూసోని ఉన్నది.

"రాజవ్వా, నేను చెప్త. పీకుమన్నది నేనే అని సాహెబ్‌కు చెప్త."

"చెప్తవా?"

"చెప్త."

"ఎప్పుడు?"

"సమయం చూసి."

ఆమె బీడీ ఆకు కత్తిరించుకుంట అన్నది: "మా అత్తకు గీ గుడిసెల కుండ యాడున్నదో, పొయ్యి యాడున్నదో చేతికి ఎరుక. కొత్త జాగల ఒక్కతే ఉంటే నీళ్లు దొరక్క గోడలు తడుముకుంట తిరుగుతది. గందుకే అడిగిన అన్నా. నువ్వు సమయం చూసుకో."

సున్నం పెళ్లల మీద

దౌరా ఇంకా ఆరు రోజులు ఉందనంగ, ఎండ బాగ ఎక్కిన యాళ్ల, గోడ అవతలికెళ్లి కేక వినబడ్డది. "అన్నా! ఉరుకు!"

ముసలామెకు ఏమన్నయిందేమో అనుకోని నేను గోడ ఎక్కిన. ఎక్కింది నిజం. దిగుడు మాత్రం పడి దిగిన. లేచి చూస్తే, కుప్ప కనబడలేదు. ఇటుకల మీద, సున్నం మీద, విరిగిన దూలం మీద, ఎరుపు, పసుపు, తెలుపు, గులాబీ. తాసీల్దారు తలపాగ దగ్గర నుంచి పెండ్లి పందిరి దాక నేను చూసిన రంగులన్నీ ఒక్క కుప్ప మీద. వాటి మీద సీతాకోకచిలుకలు. ఒక్కొక్కటి గద్దంత. లక్ష ఉంటయి. సరే, ఏడెనిమిది. గాని ఆ ఏడెనిమిది నల్లటి రెక్కలు ఎండలో తిప్పి నేరేడు రంగు మెరిపిస్తుంటే, లక్ష అనకుంటే నాకు తృప్తి లేదు.

మేము పీకి పారేసినయి చావలేదు. ఆకులో నీళ్లున్నయి గదా, పడ్డ చోటే పడుకోని, తమ నీళ్లు తామే తాగి, కాడ తగిలిన ప్రతి సందులో వేరు దించినయి. మన్ను లేదు, పెంట లేదు, పహరా లేదు. అన్నిటికన్న పెద్ద మేలు, నేను లేను.

రాజవ్వ నడుము మీద చేతులు పెట్టుకోని నిలబడ్డది. "అన్నా, గీ గడ్డి పీకి యాడ పారెయ్యాలె?"

నా బట్టలకంటిన సున్నం దులుపుకున్న.

చిలుకలు అక్కడికే ఎందుకు వచ్చినయో అప్పుడు సమజైంది. గుడిసె చుట్టు రాజవ్వ పీకకుండ వదిలిన గంగవాయిలి ఉన్నది, అది పిల్లల తిండి. పక్కనే ఎండపూల తేనె, అది పెద్దల తిండి. కాళ్ల కింద వెచ్చటి ఇటుక. పదడుగుల లోపల కాపురానికి కావలసినవన్నీ ఉన్నయి. నేను కట్టిన మడిలో పరదా తప్ప ఏమీ లేదు. ఇంతే సీతాకోకచిలుకల తోట. మీరు పువ్వు ఒక్కటే నాటితే అవి చుట్టాల లెక్క వచ్చి పోతయి. పురుగుకు కూర గూడ పెడితే మీ ఇంట్లనే ఉంటయి.

తాసీల్దారును తెచ్చి చూపించిన. ఆయన ముందు నోరు తెరిచిండు, తర్వాత అన్నడు: "వీటిని పీకి ముందర మడిలో నాటు."

"వద్దు, హుజూర్. ఆరు రోజులల్ల నాటితే వాడిపోయిన మొఖాలతోటి సలాం చేస్తయి. పూలను తేవద్దు. గోడకు గండి కొట్టి, బేగం సాహెబాను తెద్దాం."

నా కొలువు మొత్తంలో నేను ఇచ్చిన మంచి సలహా అది. ఇంకొకటి గూడ ఉండె, యాదికి వస్తలేదు.

బేగం సాహెబా

కారు పొద్దు తిరిగినంక వచ్చింది. బేగం సాహెబా చిన్నప్పుడు ఈ దిక్కే పెరిగిందట, తెలుగు మనకన్న నీటుగ మాట్లాడుతది. తాసీల్దారు ఆగలేక నేరుగ గోడ గండి దగ్గరికి తీసుకపోయిండు. అప్పటికి పూలన్నీ ముడుచుకోని నిద్రపోయినయి. చిలుకలు ఒక్కటి లేదు. కుప్ప కుప్ప లెక్కనే ఉన్నది.

"ఇక్కడ ఏం చూడాలె, తాసీల్దార్ సాబ్? ఇటుకలా?"

తాసీల్దారు మొఖంలో నెత్తురు సున్నం పెళ్లలకు అరువు ఇచ్చినట్టు అయింది. నేను వంగి అన్న: "అమ్మా, రేపు ఎండ ఎక్కినంక రావాలె. ఇవి ఎవ్వరి కోసం గూడ ముందు లేవవు."

"మా సాహెబ్ గూడ అంతే," అని నవ్వుకుంట లోపలికి పోయింది.

మరునాడు తెల్లారితే మబ్బు. నేను మొక్కని దేవుడు లేడు. ఎనిమిది అయింది, తొమ్మిది అయింది. బేగం సాహెబా బోర్లించిన గంప మీద కూసోని చూస్తున్నది. రాజవ్వ గుడిసె గుమ్మంలో అత్త పక్కన నిలబడ్డది. తాసీల్దారు మేఘాల వైపు చూసే చూపు చూస్తే, వాటికి గూడ హుకుం ఇస్తడేమో అనిపించింది. పది దాటినంక మబ్బు పక్కకు జరిగింది. ముందు ఒక ఎర్ర పువ్వు, తర్వాత దాని పక్కది, తర్వాత కుప్పంత. ఎక్కడినుంచో ఒక నల్ల చిలుక వచ్చి వాలింది. రెండోది వచ్చింది. ఆమె చప్పట్లు కొట్టలేదు, కేక వెయ్యలేదు. చెయ్యి గుండె మీద పెట్టుకోని ఊరికే కూసున్నది.

కాసేపటికి అడిగింది: "ముందర మడిలో కూరెందుకు పెంచిండ్రు? నిండ పురుగులున్నయి."

"అది కలుపు తీసే ఆమె పొరపాటు," అన్నడు తాసీల్దారు. "పూలు పీకి కూర ఉంచింది. ఇయ్యాల తీసేస్తున్నం ఆమెను."

అప్పుడు నేను ముందుకు వచ్చి, తలపాగ తీసి చేతిలో పట్టుకోని అన్న: "హుజూర్, తప్పు నాది. పీకుమన్నది నేను. ఆమె వద్దన్నది, నేను వినలేదు. గంగవాయిలికి నెల దినాలు చాకిరి చేసింది నేను. తీసేస్తే నన్ను తీసెయ్యుండ్రి."

చిలుకలు గూడ రెక్కలు ఆపినయి.

బేగం సాహెబా పకపక నవ్వింది. "పారేస్తే ఇంత పూసినయి, నాటితే ఏమయ్యేదో! ఇద్దరినీ ఉంచుండ్రి, తాసీల్దార్ సాబ్. ఆ కూర మడి గూడ ఉంచుండ్రి." అట్ల రాజవ్వ కొలువు నిలబడ్డది, గుడిసె నిలబడ్డది.

కొత్తోళ్లకు

నేను చెప్పేది పెద్దగ ఏమీ లేదు. మొలక నాలుగో ఆకు వేసేదాక పీకకుండ్రి. గంగవాయిలి ఆకు వెడల్పవుతది, ఎండపువ్వు ఆకు సూది లెక్క నిలబడుతది, అప్పుడు గుడ్డోడు గూడ చెప్తడు. అంతకు ముందు అనుమానముంటే, దాన్ని రోజు వండుకోని తినేటోళ్లను అడుగుండ్రి. పెద్ద మాలి అయినంక అడుగుడు ఇంకా కష్టమైతది, కాబట్టి ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండ్రి. పై అధికారులు కేకలు వేస్తరు. కేకలతోటి ఎవరూ చావరు. కేక పడ్డప్పుడు మీ కండ్లు ఎటు పోతున్నయో చూసుకోండ్రి, నేను ఇంతకన్న ఎక్కువ చెప్పలేను.

చదివి వినిపించినంక

ఇక్కడిదాక రాసి, పోయిన వారం ఎల్లారెడ్డి పోయిన. దేశాల నడుమ లడాయి వచ్చినంక పెట్రోలు లేదు, బస్సు బొగ్గుతోటి నడుస్తున్నది. లింగంపేట చడావు ఎక్కలేకపోతే, దిగి నూకుకుంట మేమే దాన్ని ఎల్లారెడ్డికి తీసుకపోయినం. రాజవ్వ ఆ గుడిసెలనే ఉన్నది. అత్త అదే గుడిసెల, తన చేతికి ఎరుకైన కుండ పక్కన, రెండేండ్ల కింద పోయింది. రాజవ్వ బీడీల చాట ముందర పెట్టుకోని, చదువు అన్నది. చదివిన.

సొరకాయ కాడ నవ్వింది. గద్దంత చిలుక కాడ, "గంతేనా, ఇంకొంచెం పెంచు," అన్నది. పప్పు పళ్లెం కాడ కండ్ల నీళ్లు తుడుచుకున్నది. నేను తలపాగ తీసి ముందుకు వచ్చిన కాడ ఆమె చేతులు ఆగినయి.

"అన్నా, గది మల్లొకసారి సదువు."

చదివిన. రెండోసారి తలపాగ ముక్క గబగబ దాటేసిన.

పిల్లలూ, ఇందులో నేను పెంచినవి చాన ఉన్నయి. గాని వాటి కింద ఎంతో కొంత నిజం ఉన్నది. ఉత్తగ కల్పించింది ఒక్కటే, అది ఇదే. ఆ పొద్దున తాసీల్దారు ఆ మాట అన్నప్పుడు నేను గోడకు ఇవతల, గండి కాడ పడ్డ మట్టిపెళ్లలు ఏరుతున్న. వాటిని ఏరవలసిన పనేమీ లేకుండె. అన్నీ వినబడుతనే ఉన్నయి. ముందుకు వచ్చింది రాజవ్వ. "అమ్మా, పీకింది నా చెయ్యే, గోడవతల పారేసింది నా చెయ్యే. పారెయ్యకపోతే గీ పువ్వు మీకు కనవడకపోయేది. నన్ను తీసేస్తే మా అత్తకు కుండ దొరకదు," అన్నది. బేగం సాహెబా నవ్వింది నిజం, ఉంచుమన్నది నిజం. ఉంచుమన్నది రాజవ్వ ఒక్కదాన్నే. నా పేరు అక్కడ ఎవరూ ఎత్తలేదు, రాజవ్వ గూడ ఎత్తలేదు. అప్పుడే కాదు, ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ.

ఆ ముక్క కొట్టేస్త అని కలం తీసిన.

"ఉండనియ్ అన్నా, మాట మంచిగున్నది," అన్నది రాజవ్వ. బీడీకి దారం చుట్టి, కొస పండ్లతోటి తెంపింది. "గప్పుడే అనుంటే నేను గూడ ఇనేదాన్ని గదా."